బలం ఏం చేస్తుంది? – కేరమ్ బోర్డు నుంచి అయస్కాంతం దాకా



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడగగానే మేము ఎంచుకున్న విషయం ఇది. ఈ హాస్టల్లోనే చదివి, ఇప్పుడు తలో ఉద్యోగంలో ఉన్న మేం కొందరం వీలున్న ఆదివారాల్లో పదో తరగతి వాళ్ల స్టడీ అవర్‌లో కూర్చుంటున్నాం. న్యూటన్ గమన నియమాలు మూడూ తడబడకుండా అప్పజెప్పే పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. అదే పిల్లల్ని "నేలమీద దొర్లించిన బంతి కాసేపటికి ఎందుకు ఆగిపోయింది?" అని అడిగితే, "దాంట్లో ఉన్న బలం అయిపోయింది సార్" అంటారు. నియమం నోటికి వచ్చింది, నమ్మకం మాత్రం దానికి పూర్తిగా ఎదురు నిలబడి ఉంది!

దీనివల్ల నష్టం చిన్నది కాదు. నిర్వచనం రాయమంటే మార్కులు వస్తాయి, కారణం రాయమంటే పోతాయి. పాలిసెట్ లాంటి ప్రవేశ పరీక్షల్లో కారణాలే అడుగుతారు. ఎం.పి.సి. చదవాలని మనసులో ఉన్నా "ఫిజిక్స్ మనవల్ల కాదులే" అని వేరే గ్రూపులోకి వెళ్లిపోయేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాం. వాళ్లకు తెలివి లేక కాదు. మొదట్లోనే పడిన ఒక ముడిని ఎవరూ విప్పకుండా వదిలేశారు, అంతే. ఆ ముడి విప్పడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఆటల గదిలో కేరమ్ బోర్డు, స్టోరు గదిలో బియ్యం బస్తా, ఎక్కడో మూలన పడున్న పాత రేడియో స్పీకరు చాలు.

పౌడరు చల్లితే ఏమైంది?

బోర్డు మీద పౌడరు లేకుండా స్ట్రైకర్‌ను ఒకసారి కొట్టండి. ఎంత దూరం పోయి ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు పౌడరు చల్లి, వీలైనంతవరకు అదే జోరుతో మళ్లీ కొట్టండి. ఈసారి అది అవతలి అంచుకు తగిలి వెనక్కి కూడా వస్తుంది. మీ వేలు ఇచ్చిన దెబ్బ రెండుసార్లూ ఒకటే. పైగా వేలు స్ట్రైకర్‌ను తాకి ఉన్నది రెప్పపాటు కాలం మాత్రమే. ఆ తర్వాత అది ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే పోతోంది. "బలం" దాని కడుపులో నిండి, కొంచెం కొంచెంగా ఖర్చయిపోతోందని అనుకుంటే, బోర్డు మీద చల్లిన పౌడరుకు ఆ కడుపులోని సరుకుతో ఏం సంబంధం?

కాబట్టి ఆగడానికి కారణం స్ట్రైకర్ లోపల లేదు, బయట ఉంది. బోర్డుకూ స్ట్రైకర్‌కూ మధ్య ఉన్న ఘర్షణ బలం దాన్ని వెనక్కి పట్టి ఆపింది. పౌడరు ఆ పట్టును సడలించింది. ఇక్కడితో ఆగకుండా ఒక్క మెట్టు పైకి ఆలోచించండి. ఘర్షణ సగమైతే స్ట్రైకర్ రెండింతల దూరం పోతుంది. పదో వంతైతే పది రెట్ల దూరం. అసలు ఘర్షణే లేకపోతే, బోర్డుకు అంచులే లేకపోతే? అది ఆగనే ఆగదు. అదే వేగంతో, అదే సరళరేఖలో పోతూనే ఉంటుంది.

ఇటలీలో గెలీలియో (1564–1642) వాలుబల్లల మీద గోళాలు దొర్లిస్తూ ఆలోచించింది సరిగ్గా ఇలాగే. అంతకుముందు దాదాపు రెండు వేల ఏళ్లపాటు, కదిలే వస్తువును ఏదో ఒకటి తోస్తూ ఉండాల్సిందేనన్న అరిస్టాటిల్ మాటే చెల్లింది. ఆయన అంతటివాడే అలా అనుకున్నాడంటే మన పిల్లలు అనుకోవడంలో వింత లేదు. బస్తా లాగేవాడికి, తోపుడుబండి తోసేవాడికి ఒళ్లు చెప్పేది కూడా ఆ మాటే కదా. తోయడం ఆపితే బండి ఆగుతుంది. ఆగినప్పుడు ఘర్షణ కంటికి కనపడదు, మన అలసట మాత్రం కనపడుతుంది!

గెలీలియో ఆలోచనను న్యూటన్ 1687లో వెలువడిన తన ప్రిన్సిపియా గ్రంథంలో మొదటి నియమంగా పెట్టాడు. బయటి నుంచి ఫలిత బలం పనిచేయనంతవరకు నిలకడగా ఉన్నది నిలకడగానే, సమవేగంతో పోయేది సమవేగంతోనే ఉంటుంది. ఈ గుణమే జడత్వం. నమ్మకం కుదరకపోతే ఆకాశం వైపు చూడండి. 1977లో అమెరికా పంపిన వాయేజర్-1 నౌక ఇప్పుడు గ్రహాలన్నిటినీ దాటిపోయి, సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. దాన్ని ముందుకు తోసే ఇంజను ఏదీ ఇప్పుడు పనిచేయడం లేదు. అక్కడ ఘర్షణ లేదు, అందుకే ఆగడం లేదు.

ఈ ఒక్క వాక్యం మీ నోటుబుక్కు అట్ట మీద రాసుకోండి: బలం చలనాన్ని నిలబెట్టదు, చలనాన్ని మారుస్తుంది. మార్చడమంటే వేగం పెంచడం, తగ్గించడం, లేదా దిశ తిప్పడం. ఈ మూడింటికీ త్వరణం అన్న ఒకే పేరు. ఎంత బలానికి ఎంత మార్పు అన్నది రెండో నియమం చెబుతుంది: బలం = ద్రవ్యరాశి × త్వరణం.

ఫుట్‌బోర్డు మీద ఒక లెక్క

సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు బస్సుల్లో చోటు దొరకదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయేవాళ్ల కోసం ఈ లెక్కను ప్రత్యేకంగా చేసి చూపిస్తున్నాం.

బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే సెకనుకు 10 మీటర్లు. డ్రైవరు మామూలుగా బ్రేకు వేస్తే 4 సెకన్లలో ఆగిందనుకుందాం. త్వరణం = (0 – 10) ÷ 4 = –2.5 మీ/సె². రుణ గుర్తుకు అర్థం వేగం తగ్గుతోందని. లోపల ఉన్న 40 కిలోల విద్యార్థి కూడా బస్సుతోపాటు ఆగాలి. అతణ్ని ఆపడానికి వెనక్కి 40 × 2.5 = 100 న్యూటన్ల బలం కావాలి. సీటులో కూర్చున్నవాడికి సీటూ, కాళ్ల కింది నేలా ఆ బలం ఇస్తాయి. నిలబడ్డవాడు పైకమ్మీ పట్టుకుని సర్దుకుంటాడు. ఫుట్‌బోర్డు మీద ఉన్నవాడికి సగం పాదం, ఒక చెయ్యి. సరే, 100 న్యూటన్లంటే సుమారు పది లీటర్ల నీళ్ల బకెట్టు బరువు, ఆ చెయ్యి ఎలాగో తట్టుకుంటుంది.

అకస్మాత్తుగా గేదె అడ్డొచ్చి బస్సు ఒక్క సెకనులో ఆగితే? త్వరణం 10 మీ/సె². కావలసిన బలం 400 న్యూటన్లు. ఆ కుర్రాడి ఒంటి బరువు 40 × 9.8 = 392 న్యూటన్లు. అంటే తన ఒళ్లంతటినీ ఒంటిచేత్తో వేలాడదీసినంత బలం, అదీ ముందస్తు హెచ్చరిక లేకుండా, చెమట పట్టిన చేతితో! చెయ్యి జారితే అతణ్ని ఎవరూ బయటికి తోసినట్టు కాదు. బస్సు ఆగింది, అతను ఆగలేదు. మొదటి నియమం తన పని తాను చేసింది.

నడుస్తున్న బస్సులోంచి దూకేవాడి సంగతీ ఇదే. పాదాలు నేలను తాకగానే ఘర్షణ వాటిని ఆపేస్తుంది. నడుము, ఛాతీ, తల మాత్రం బస్సు వేగంతోనే ముందుకు పోతుంటాయి. అందుకే ముందుకు బోర్లా పడతాడు. వెనక్కి తిరిగి దిగితే తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది, అది మరీ ప్రమాదం. బస్సు పూర్తిగా ఆగాకే దిగండి.

ఇంకొక్క మాట. పై లెక్కలో 4 సెకన్లలో సగటు వేగం 5, కాబట్టి బ్రేకు వేశాక బస్సు 20 మీటర్లు పోయి ఆగింది. అదే బస్సు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, అదే బ్రేకుకు ఆగడానికి 8 సెకన్లు పడుతుంది. సగటు వేగం 10, పోయే దూరం 80 మీటర్లు. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు! హాస్టలు ముందు రోడ్డు దాటేటప్పుడు "దూరంగానే ఉందిలే" అనుకునేవాళ్లు ఈ 80ని మరిచిపోవద్దు.

ద్రవ్యరాశి, భారం గురించి రెండు మాటల్లో తేల్చేద్దాం. స్టోరు గదిలోని 50 కిలోల బియ్యం బస్తాకు 50 కిలోలు ద్రవ్యరాశి, దానిని భూమి లాగే బలం 490 న్యూటన్లు భారం. చంద్రుడి మీద ఆ బస్తా భారం సుమారు 80 న్యూటన్లకు పడిపోతుంది, అన్నం మాత్రం అంతమందికే సరిపోతుంది.

తాడు లాగుడులో ఎవరు గెలుస్తారు?

మూడో నియమం దగ్గర పిల్లలు అడిగే ప్రశ్న మాకు చాలా ఇష్టం. "చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది కదా సార్, మరి రెండూ కొట్టేసుకుపోవా? ఏదైనా ఎలా కదులుతుంది?" ఈ ప్రశ్న అడిగినవాడు బట్టీ పట్టడం మానేశాడన్నమాట.

తాడు లాగుడు పోటీని తీసుకుందాం. తొమ్మిదో తరగతి జట్టు తాడు ద్వారా పదో తరగతి జట్టును ఎంత బలంతో లాగుతోందో, పదో తరగతి జట్టు కూడా తొమ్మిదిని సరిగ్గా అంతే బలంతో లాగుతోంది. తాడు బరువును పట్టించుకోకపోతే, గెలిచే జట్టు వైపైనా ఓడే జట్టు వైపైనా లాగుడు ఒకటే. ఇది వినగానే పిల్లలు ఒప్పుకోరు, వాదనకు దిగుతారు. దిగాలి కూడా.

ఇప్పుడు ఒక్క జట్టును మాత్రమే విడిగా బొమ్మ గీయండి. తొమ్మిదో తరగతి మీద పనిచేసే బలాలు ఏవి? ఒకటి, తాడు వాళ్లను ముందుకు లాగుతోంది. రెండు, వాళ్లు మడమలు తన్నిపెట్టి నేలను ముందుకు తోస్తున్నారు, కాబట్టి నేల వాళ్లను వెనక్కి తోస్తోంది. తాడు లాగుడు కంటే నేల తోపు ఎక్కువైతే వాళ్లు వెనక్కి జరుగుతారు, అంటే గెలుస్తారు. తక్కువైతే ఈడ్చుకుపోతారు. పోటీ తాడు దగ్గర జరగడం లేదు, మడమల దగ్గర జరుగుతోంది! బరువైనవాళ్లను జట్టులో పెట్టుకోవడం, నున్నటి చెప్పులు వదిలేయడం, ఒళ్లు వెనక్కి వాల్చి పాదాలు పాతుకోవడం అన్నీ అందుకే. అనుమానముంటే ఒక జట్టును ఇసుక పరుచుకున్న సిమెంటు గచ్చు మీద, రెండో జట్టును గట్టి నేల మీద నిలబెట్టి చూడండి. కండలు అవే, ఫలితం వేరు.

చర్య, ప్రతిచర్య ఎందుకు కొట్టేసుకుపోవు అంటే, అవి ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి కాబట్టి. ఎద్దు బండిని లాగే బలం బండి మీద ఉంది. బండి ఎద్దును వెనక్కి లాగే బలం ఎద్దు మీద ఉంది. బండి కదులుతుందా లేదా అన్నది బండి మీదున్న బలాలు చూసి చెప్పాలి, ఎద్దు మీదున్నవి అందులో కలపకూడదు. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దును ముందుకు తోస్తుంది. బురదలో బండి దిగబడినప్పుడు ఎద్దుకు బలం చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, గిట్టకు పట్టు దొరకకపోవడం కూడా.

కొన్ని గైడుల్లో ఒక తప్పు అచ్చయి ఉంటుంది, జాగ్రత్త. బల్ల మీద పుస్తకం ఉంది. భూమి పుస్తకాన్ని కిందికి లాగడం చర్య, బల్ల పుస్తకాన్ని పైకి తోయడం ప్రతిచర్య అని రాస్తారు. రెండూ పుస్తకం మీదే పనిచేస్తున్నాయి కదా, జత ఎలా అవుతాయి? భూమి పుస్తకాన్ని లాగడానికి జత, పుస్తకం భూమిని పైకి లాగడం. బల్ల పుస్తకాన్ని తోయడానికి జత, పుస్తకం బల్లను కిందికి నొక్కడం. జత రాసేటప్పుడు వాక్యంలో రెండు పేర్లనూ తారుమారు చేస్తే చాలు, తప్పు పోదు.

శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టు గాలిని తోసి పైకి పోతుందని చాలామంది అనుకుంటారు. అది తోసేది తన లోపలి నుంచి వెలువడే వాయువులను. ఆ వాయువులు రాకెట్టును ఎదురు తోస్తాయి. 2023 జూలై 14న అక్కడి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుడి మీద దిగేటప్పుడు తన ఇంజన్లను కిందివైపు మండించి వేగం తగ్గించుకుంది. చంద్రుడి మీద మన దగ్గరలా గాలి లేదు. గాలిని తోసేదే నిజమైతే ఆ ఇంజన్లు ఎందుకు పనిచేశాయి?

తాకకుండా లాగే బలం

పాత స్పీకరు వెనుక గుండ్రటి నల్ల రాయిలాంటిది ఉంటుంది. అదే అయస్కాంతం. తీసేటప్పుడు సుత్తితో గట్టిగా కొట్టకండి, పెంకులా విరుగుతుంది. విరిగితే మాత్రం బాధపడనక్కర్లేదు. ప్రతి ముక్కకూ ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండూ ఉంటాయి. ఎన్ని ముక్కలు చేసినా ఒంటి ధ్రువం చేతికి రాదు.

ముందు ఏవి అంటుకుంటాయో చూడండి. ఇనుప మేకు అంటుకుంటుంది. రాగి తీగ, అల్యూమినియం గిన్నె అంటుకోవు. స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి బిళ్ల అంటుకుంటుంది. మన భోజనం ప్లేట్లలో కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. స్టీలులో రకాలున్నాయి కాబట్టి.

ఇప్పుడు కుట్టుసూదిని తీసుకుని అయస్కాంతపు ఒకే ముఖంతో, ఒక కొస నుంచి రెండో కొసకు, ఒకే దిశలో ముప్పై నలభైసార్లు రుద్దండి. తిరిగి వచ్చేటప్పుడు చేతిని పైకెత్తి తీసుకురావాలి, వెనక్కి రుద్దితే చేసిన పని చెడుతుంది. సూది అయస్కాంతమవుతుంది. గుండుసూదుల మధ్య పెట్టి చూస్తే కొసల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది, సరిగ్గా మధ్యలో పట్టు దాదాపు ఉండదు. దానిని చిన్న థర్మాకోలు ముక్క మీద పెట్టి ప్లాస్టిక్ టబ్బులోని నీళ్ల మీద వదలండి. స్టీలు ప్లేటు వద్దు, అది అంటుకునే రకమైతే సూదిని తనవైపు లాగేసి ఫలితం పాడుచేస్తుంది. కాసేపు ఊగి సూది ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. పొద్దు పొడిచే వైపు చూసుకుంటే ఏ కొస ఉత్తరమో తెలిసిపోతుంది.

సూదికి దారి చూపేది ఏది? భూమే ఒక పెద్ద అయస్కాంతమని ఇంగ్లండులో విలియం గిల్బర్ట్ 1600లో అచ్చువేసిన పుస్తకంలో రాశాడు. ఇక్కడ పరీక్షల్లో ఒక మెలిక ఉంటుంది. విజాతి ధ్రువాలే ఆకర్షించుకుంటాయి కదా. సూది ఉత్తర ధ్రువం భూమి ఉత్తరం వైపు తిరిగిందంటే, అక్కడ ఉన్నది భూ అయస్కాంతపు దక్షిణ ధ్రువం అన్నమాట.

ఒక అయస్కాంతంతో ఎన్ని సూదులను రుద్దినా దాని సత్తువ సూదుల్లోకి పోయి తరిగిపోదు. మళ్లీ అదే "అయిపోవడం" నమ్మకం! ఇనుములో ప్రతి చిన్న ప్రాంతమూ ముందే ఒక బుల్లి అయస్కాంతం. అవి తలో దిక్కుకు చూస్తుండటం వల్ల బయటికి ఏమీ కనపడదు. ప్రార్థనకు ముందు మన పిల్లల్లాగే. రుద్దడం వాటిని వరుసలో నిలబెడుతుంది. సూదిని ఎర్రగా కాల్చితే వరుస చెదిరి, అయస్కాంత గుణం పోతుంది.

ఇక అసలైన ప్రయోగం. అరచేతి అంత థర్మాకోలు ముక్క మీద మేకును పెట్టి నీళ్ల మీద వదలండి. అయస్కాంతాన్ని చేత్తో దగ్గరకు తెస్తే మేకు దానివైపు వస్తుంది. ఇప్పుడు తారుమారు చేయండి. అయస్కాంతాన్ని థర్మాకోలు మీద పెట్టి, మేకును చేత్తో పట్టుకోండి. అయస్కాంతమే మేకు వైపు ఈదుకుంటూ వస్తుంది! "అయస్కాంతం మేకును లాగుతుంది" అన్నది సగం మాటే. మేకు కూడా అయస్కాంతాన్ని అంతే బలంతో లాగుతుంది. రెండింటినీ చెరో ముక్క మీద వదిలితే రెండూ కదులుతాయి. ద్రవ్యరాశి తక్కువైనది చురుగ్గా, ఎక్కువైనది నిదానంగా. ఒకే బలం, వేర్వేరు త్వరణాలు. మూడు నియమాలూ ఒక్క టబ్బులో ఉన్నాయి.

1820లో డెన్మార్కులో ఆర్‌స్టెడ్, కరెంటు పోతున్న తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. కరెంటు అయస్కాంతాన్ని పుట్టిస్తే, అయస్కాంతం కరెంటును ఎందుకు పుట్టించదు అన్న ప్రశ్నను పట్టుకున్నవాడు మైఖేల్ ఫారడే. ఆయన గురించి కొంచెం ఎక్కువ చెబుతాం, కోపగించుకోకండి. తండ్రి కమ్మరి. బడి చదువు నామమాత్రం. పద్నాలుగేళ్లకు లండన్‌లో పుస్తకాలకు బైండింగు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను చదివేవాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తన చేత్తోనే బైండు చేసి ఆయనకు పంపాడు. మరుసటి ఏడు డేవీ దగ్గరే సహాయకుడిగా చేరాడు. గణితం పెద్దగా రాదు. ఇనుప రజను అయస్కాంతం చుట్టూ గీసే గీతలనే చూస్తూ, బలరేఖలన్న ఊహతోనే ఆలోచించాడు. 1831లో తీగచుట్ట లోపలికి అయస్కాంతాన్ని దూర్చి, బయటికి లాగి కరెంటు పుట్టించాడు. అయస్కాంతం కదలకుండా ఉంటే కరెంటు లేదు, కదిలితేనే ఉంది. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో నీళ్లు తిప్పే జనరేటర్లన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. స్టడీ అవర్‌లో మీ నెత్తిమీద తిరిగే ఫ్యానులో తీగచుట్ట, అయస్కాంత బలం కలిసి పనిచేస్తున్నాయి.

సైకిలుకు పాత డైనమో ఉంటే టైరుకు ఆనించి తొక్కి చూడండి. పెడలు బరువెక్కుతుంది. అందులో కొంత రాపిడి. మిగతాది, తీగచుట్టలో పుట్టిన కరెంటు అయస్కాంతాన్ని తిరగనీయకుండా వెనక్కి పట్టుకోవడం. బల్బు ఊరికే వెలగలేదు, మీ కాళ్లు చేసిన పనే వెలుగైంది.

చివరగా ఒక ప్రశ్న వదిలివెళుతున్నాం. చూడటానికి ఒకేలా ఉన్న రెండు కుట్టుసూదులు ఇచ్చాం. ఒకటి అయస్కాంతం, రెండోది మామూలు ఇనుము. దారం లేదు, నీళ్లు లేవు, మేకులు లేవు, ఇంకే వస్తువూ ముట్టుకోకూడదు. ఆ రెండు సూదులతోనే ఏది అయస్కాంతమో చెప్పాలి. కొసకు కొస తాకిస్తే రెండూ అంటుకుంటాయి, దానివల్ల ఏమీ తేలదు. గుండుసూదుల దగ్గర ఏం చూశారో గుర్తుచేసుకుని ప్రయత్నించండి. జవాబు తెలిసినవాళ్లు వచ్చే ఆదివారం స్టడీ అవర్‌లో మిగతావాళ్లకు చేసి చూపించాలి.